ఐమూల లెక్క

ఫ్రాన్స్‌లో 2023 జూన్ 11న లె మాన్ 24 గంటల పందెం ముగిసింది. ఆ పందెం మొదలై సరిగ్గా నూరేళ్లయిన ఏడాది అది. జీటీఈ యామ్ తరగతిలో రెండో స్థానం దక్కించుకున్న అస్టన్ మార్టిన్ వాంటేజ్‌ను ముగ్గురు నడిపారు: చార్లీ ఈస్ట్‌వుడ్, మైకేల్ డైనన్, అహ్మద్ అల్ హార్తీ. మూడోవాడు మస్కట్ వాసి. ఆ కారును దించిన జట్టు పేరులోని ఓఆర్‌టీ అంటే ఒమాన్ రేసింగ్ టీమ్. పక్కనున్న బహ్రెయిన్, అబుదాబి, ఖతార్‌లలో ఉన్నట్టు ఒమాన్‌లో గ్రాండ్ ప్రి స్థాయి ట్రాక్ లేదు. అయినా అల్ హార్తీ మరుసటి ఏడాదే మోటార్‌సైకిల్ పందేల్లో తొమ్మిదిసార్లు ప్రపంచ విజేత అయిన వాలెంటీనో రోసీతో కలిసి ఒకే బీఎండబ్ల్యూ ఎం4 జీటీ3 పంచుకున్నాడు. 2024 ఏప్రిల్‌లో ఇటలీలోని ఇమోలాలో రోసీ, మాక్సిమ్ మార్టిన్, అల్ హార్తీల కారు తన తరగతిలో రెండోదిగా వచ్చింది.

ముగ్గురు మనుషులు, ఒకే సీటు. అందులోనే ఇంజనీర్లకు ఒక చిక్కు ఉంది. ముగ్గురి బరువూ ఒకటి కాదు, ట్యాంకులో పెట్రోలు గంటగంటకూ తగ్గుతుంది. ఇక గెలిచిన కార్ల మీద అదనపు బరువు మోపి పోటీని సమం చేసే నియమాలు కూడా ఇలాంటి పందేల్లో ఉంటాయి. ఇన్ని మారే బరువుల మధ్య కారు నాలుగు చక్రాల మీదా ఎంతెంత భారం పడాలో ముందే తేల్చుకోవాలి. రేసు మెకానిక్కులు దీన్ని కార్నర్ వెయిటింగ్ అంటారు. నాలుగు చక్రాల కింద నాలుగు కాటాలు పెట్టి, డ్రైవరు సీట్లో డ్రైవరునో, అంత బరువున్న ఇసుక సంచులనో కూర్చోబెట్టి, అంకెలు చూసుకుంటూ స్ప్రింగు కింది రింగు తిప్పే పని అది. చూడటానికి ఇంతే. దాని వెనకున్న లెక్క మాత్రం కొంచెం తిరకాసుది.

ముక్కాలిపీట ఎంత ఎగుడుదిగుడు నేల మీద పెట్టినా ఊగదు. నాలుగు కోళ్ల మంచం ఊగుతుంది. ఏదో ఒక కోటి కింద చెక్కముక్క పెడితే తప్ప కుదురుకోదు. దీనికి కారణం గణితంలో ఉంది. నిశ్చలంగా నిలిచిన వస్తువుకు మూడు షరతులుంటాయి: మొత్తం బరువును కాళ్లన్నీ కలిసి మోయాలి, ముందుకో వెనక్కో ఒరగకూడదు, కుడికో ఎడమకో ఒరగకూడదు. మూడు కాళ్లుంటే మూడు షరతులతో మూడు బరువులూ తేలిపోతాయి. నాలుగో కాలు రాగానే షరతులు మూడే, తెలియని సంఖ్యలు నాలుగు. ఒకటి తేలకుండా మిగిలిపోతుంది. ఆ మిగిలినదాన్ని తేల్చేది కాళ్ల పొడవు, వాటి గట్టిదనం, నేల ఎత్తుపల్లాలు. కారులో ఆ కాళ్లే స్ప్రింగులు.

మిగిలిపోయిన ఆ స్వేచ్ఛ ఐమూలగా పనిచేస్తుంది. ముందు ఎడమ, వెనక కుడి చక్రాలు ఒక జత. ముందు కుడి, వెనక ఎడమ చక్రాలు మరో జత. ఒక జత ఎక్కువ మోస్తే రెండో జత అంతే తక్కువ మోస్తుంది. కారు మాత్రం ఎటూ ఒరగదు, మొత్తం బరువూ మారదు. బయటినుంచి చూసినవాళ్లకు తేడా కనిపించకపోవచ్చు.

అంకెల్లో చూస్తే స్పష్టంగా ఉంటుంది. డ్రైవరుతో కలిపి 1,200 కిలోల కారు ఒకటి ఉందనుకుందాం. ఒమాన్‌లో కార్లు రోడ్డుకు కుడివైపు నడుస్తాయి, స్టీరింగు ఎడమవైపు ఉంటుంది. గోదావరి జిల్లాల నుంచో కడప నుంచో మస్కట్ వెళ్లి స్టీరింగు పట్టినవారికి మొదటి వారం ఇది చాలానే ఇబ్బంది పెడుతుంది. కాటాకు కూడా ఆ తేడా తెలుస్తుంది. ఒక్కడే నడిపేటప్పుడు మన దగ్గర కుడివైపు పడే బరువు అక్కడ ఎడమవైపు పడుతుంది. మన ఊహల కారులో ముందు ఎడమ చక్రం కింద కాటా 340 కిలోలు చూపింది, ముందు కుడి 260, వెనక ఎడమ 280, వెనక కుడి 320. ముందు చక్రాలవి కలిపితే 600, వెనకవీ 600. ఎడమ వైపు 620, కుడి వైపు 580, డ్రైవరు ఉన్నాడు కాబట్టి. ఇంతవరకూ వంక పెట్టడానికేమీ లేదు. ఐమూలగా కూడితేనే అసలు సంగతి బయటపడుతుంది: ఒక జత మీద 660, రెండో జత మీద 540.

ఈ కారు కుడికి తిరిగేటప్పుడు ఒకలా, ఎడమకు తిరిగేటప్పుడు మరోలా ప్రవర్తిస్తుంది. దీనికి మూలం టైరు స్వభావంలో ఉంది. టైరు మీద బరువు పెరిగితే పట్టు పెరుగుతుంది, కానీ అదే లెక్కన పెరగదు. బరువు రెట్టింపైతే పట్టు రెట్టింపు కంటే కాస్త తక్కువే పెరుగుతుంది. కాబట్టి ఒకే ఇరుసు మీది రెండు టైర్లు బరువును సమంగా పంచుకుంటే వచ్చే మొత్తం పట్టు ఎక్కువ, ఒకటే మోస్తే వచ్చేది తక్కువ. మన కారు కుడికి తిరిగితే భారం ఎడమ చక్రాల మీదికి జరుగుతుంది. ముందు ఎడమది అప్పటికే బరువుతో ఉంది, ఇప్పుడు ఇంకా మోయాలి. ముందు జతలో తేడా పెరిగి పట్టు తగ్గుతుంది, స్టీరింగు తిప్పినా ముక్కు మలుపులోకి రాదు. ఎడమకు తిరిగితే అదే అవస్థ వెనక జతకు వస్తుంది. తోక బయటికి జారుతుంది. గట్టిగా బ్రేకు తొక్కితే 260 కిలోలు మాత్రమే మోస్తున్న ముందు కుడి చక్రం అన్నిటికంటే ముందు బిగుసుకుని జారుతుంది. డ్రైవరుకు తెలిసేది కారు 'సరిగా లేదు' అని మాత్రమే. ఎందుకు సరిగా లేదో కాటా చెప్పాలి.

విరుగుడు స్ప్రింగు కింద ఉంది. రేసు కార్లలో, కొన్ని ఉబలాటపు రోడ్డు కార్లలో స్ప్రింగు షాక్ అబ్జార్బరు చుట్టూనే ఉంటుంది. ఈ కూర్పును కాయిలోవర్ అంటారు. షాక్ అబ్జార్బరు గొట్టం మీద మర కోసి ఉంటుంది. ఆ మర మీద ఒక రింగు, రింగు మీద స్ప్రింగు. కొక్కెం పానాతో రింగును పైకి తిప్పితే స్ప్రింగు కారును ఆ మూల పైకి నెడుతుంది. మొదటిసారి చూసినవాళ్లు ఆ మూల బరువు తగ్గుతుందనుకుంటారు. నిజానికి పెరుగుతుంది. ఎత్తిన మూలా, దానికి ఐమూలగా ఉన్నదీ ఎక్కువ మోస్తాయి. మిగతా రెండూ తేలికపడతాయి.

ఇక్కడ కొత్త మెకానిక్కులను తికమక పెట్టే అంకె ఒకటుంది. చక్రం దగ్గర ఒక్కో మిల్లీమీటరు నొక్కుకు 10 కిలోలు మోసే స్ప్రింగులు నాలుగు మూలలా ఉన్నాయనుకుందాం. ఒక మూల రింగును మిల్లీమీటరు ఎత్తితే ఆ చక్రం మీద 10 కిలోలు పెరగాలి కదా? పెరిగేది రెండున్నర కిలోలే. కారు బాడీ మొత్తం కాస్త లేస్తుంది, కాస్త ముందువెనకలకు ఒరుగుతుంది, కాస్త పక్కకు ఒరుగుతుంది. ఎత్తిన మిల్లీమీటరులో నాలుగో వంతు మాత్రమే ఐమూల బలంగా మారుతుంది. మన కారులో ప్రతి మూలా 30 కిలోలు సర్దాలి. ఒక్క రింగుతోనే సాధించాలంటే 12 మిల్లీమీటర్లు తిప్పాలి, కారు ఎత్తూ ఒరుగుడూ చెడిపోతాయి. అందుకని తెలిసినవాళ్లు నాలుగూ ముట్టుకుంటారు. ముందు కుడి, వెనక ఎడమ రింగులు మూడేసి మిల్లీమీటర్లు పైకి, మిగతా రెండూ మూడేసి కిందికి. ఇప్పుడు కాటాలు 310, 290, 310, 290 చూపిస్తాయి. ముందు వెనకల మొత్తాలు మారలేదు. ఎడమ 620, కుడి 580 అలాగే ఉన్నాయి. ఐమూలలు రెండూ 600 చొప్పున సమానమయ్యాయి.

ఎడమ కుడి బరువులు కూడా సమం చేయలేమా అంటే రింగులతో కుదరదు. ఎంత తిప్పినా మూడు షరతులు కదలవు. బరువును ఒక చోటి నుంచి మరో చోటికి మోసుకెళ్లాల్సిందే: బ్యాటరీని కుడివైపుకు మార్చడమో, తప్పనిసరిగా మోయాల్సిన సీసపు దిమ్మను కుడివైపు బిగించడమో. సస్పెన్షన్ రింగులు అన్నిటినీ సరిచేస్తాయని నమ్మి సరుకు కొనేవాళ్లకు ఈ ఒక్క సంగతి చాలా డబ్బు మిగులుస్తుంది.

కాటా పని చాలావరకు నేలతోనే. పైన చెప్పిన లెక్కే తిరగేసి చూడండి. ఒక చక్రం కింద నేల మిల్లీమీటరు ఎత్తుగా ఉంటే రింగును మిల్లీమీటరు ఎత్తినట్టే. స్ప్రింగు ఎంత గట్టిదైతే అబద్ధం అంత పెద్దది. అందుకే రేసు జట్లు కారును నిలబెట్టేముందు నాలుగు కాటాల పైభాగాలూ ఒకే మట్టంలో ఉన్నాయో లేదో లేజరుతో చూసి, పలచని రేకులు పెట్టి సర్దుతాయి. కుడి ఎడమ చక్రాలను కలిపి ఒరుగుడును తగ్గించే కడ్డీ, యాంటీ రోల్ బారు, ఒక పక్క బిగువుగా ఉంటే అది కూడా ఐమూలగా మెలిపెడుతుంది, కాబట్టి దాని లింకు ఊడదీస్తారు. టైర్ల గాలి సమంగా ఉండాలి. ఒమాన్ వేసవిలో ఇది అంత తేలిక కాదు. షెడ్డు తలుపు దగ్గర ఒక పక్క ఎండ, ఒక పక్క నీడ పడేలా కారు నిలిపితే ఎండ పక్క టైర్లలో గాలి వేడెక్కి ఉబ్బుతుంది. టైరులో గాలి 25 డిగ్రీల నుంచి 60 డిగ్రీలకు వేడెక్కితే 2 బార్ల గేజీ దాదాపు 2.35కు చేరుతుంది. ఆ చిన్న తేడా కూడా గట్టి స్ప్రింగుల కారులో కాటా మీద కనిపిస్తుంది.

అన్ని పందేల్లోనూ ఐమూలలు సమానంగా ఉండాలన్న నియమం లేదు. అమెరికాలో నాస్కార్ కార్లు చాలా ట్రాకుల మీద ఎడమకే తిరుగుతాయి. కుడి మలుపు లేనప్పుడు దాని సంగతి ఎందుకు? అక్కడ ఐమూల బరువును కావాలనే ఎగుడుదిగుడుగా పెడతారు, దాన్ని వెడ్జ్ అంటారు. పందెం మధ్యలో కారు ఆగిన కొన్ని సెకన్లలో ఒక మనిషి పొడుగాటి పానా తెచ్చి, వెనక అద్దం పక్కనున్న రంధ్రంలో పెట్టి తిప్పి వెళ్లిపోవడం టీవీలో కనిపిస్తుంది. అతను తిప్పింది పైన చెప్పిన రింగులాంటిదే.

మస్కట్‌లో ఒమాన్ ఆటోమొబైల్ అసోసియేషన్ కార్టింగ్ ట్రాక్ ఉంది. అక్కడ తిరిగే కార్టులకు స్ప్రింగులే ఉండవు. వెనక ఇరుసు ఒకే గట్టి కడ్డీ, రెండు వెనక చక్రాలూ ఒకే వేగంతో తిరగాలి. మలుపులో లోపలి చక్రం తక్కువ దూరం పోవాలి, బయటిది ఎక్కువ. రెండూ కలిసి తిరిగితే కార్టు మలుపు తిరగనని మొరాయిస్తుంది. దీనికి కనిపెట్టిన ఉపాయం ఐమూల విద్యే. స్టీరింగుతో ముందు చక్రాలు తిరిగే నిలువు కీళ్లను వాలుగా బిగిస్తారు. స్టీరింగు తిప్పగానే లోపలి ముందు చక్రం నేలను కిందికి నొక్కుతుంది, బయటిది పైకి పోతుంది. బరువు లోపలి ముందు చక్రం, బయటి వెనక చక్రం మీదికి ఐమూలగా మారి, లోపలి వెనక చక్రం గాలిలోకి లేస్తుంది. ఇక కార్టు హాయిగా తిరుగుతుంది. రింగు చేయాల్సిన పనిని ఇక్కడ స్టీరింగే, ప్రతి మలుపులోనూ, చేస్తోంది.

కార్టుకు వరమైన ఈ లేచిన చక్రమే ఒమాన్ హజర్ కొండల్లో శాపమవుతుంది. వాదీ బనీ ఔఫ్ లాంటి రాళ్ల దారుల్లో ముందు ఎడమ చక్రం బండరాయి ఎక్కుతుంది, వెనక కుడిది మరో రాయి మీదుంటుంది, మిగతా రెండూ గుంటల్లో వేలాడతాయి. నేలే ఇప్పుడు ఐమూలగా మెలి తిరిగింది. మామూలు డిఫరెన్షియల్ ఒకే ఇరుసు మీది రెండు చక్రాలకూ ఒకే బలం ఇస్తుంది. గాలిలో ఉన్న చక్రానికి పట్టు సున్నా, కాబట్టి నేల మీదున్న దానికీ అందేది దాదాపు సున్నాయే. బండి నిలబడిపోతుంది, చక్రం మాత్రం గిరగిరా తిరుగుతుంది.

రేసు కారుకు గట్టి సస్పెన్షన్ కావాలి, వాదీలో, అంటే రాళ్ల లోయలో, మెత్తనిది. శనివారం వాదీకి వెళ్లి ఆదివారం హైవే మీద గంటకు 120 కిలోమీటర్ల వేగంతో ఆఫీసుకు వెళ్లే కుటుంబపు బండికి రెండూ కావాలి. ఇది అసాధ్యంగా కనిపిస్తుంది గాని, ముందు చెప్పిన లెక్కే దారి చూపిస్తుంది. మలుపులో కారు ఒరగకుండా ఆపడం ఒక పని. చక్రాలు ఐమూలగా పైకీ కిందికీ కదలకుండా ఆపడం వేరే పని. మామూలు యాంటీ రోల్ బారు రెంటినీ కలిపే బిగిస్తుంది. వాటిని విడదీయగలిగితే చాలు.

పశ్చిమ ఆస్ట్రేలియాలోని డన్స్‌బరోలో పుట్టిన కైనెటిక్ అనే చిన్న సంస్థ ఈ విడదీతను నూనె గొట్టాలతో సాధించింది. ఆ వంశానికి చెందిన ఏర్పాట్లే ఇప్పుడు ఒమాన్ రోడ్ల మీద విరివిగా తిరిగే రెండు బండ్ల కింద ఉన్నాయి. టయోటా ల్యాండ్ క్రూజర్ కొన్ని రకాల్లో దాని పేరు కేడీఎస్‌ఎస్. 2010లో అబుదాబిలో లోకానికి చూపిన నిస్సాన్ పెట్రోల్‌లో దాని పేరు హెచ్‌బీఎంసీ. పెట్రోల్‌లో ఈ ఏర్పాటుంటే యాంటీ రోల్ బార్లు అసలే ఉండవు. నాలుగు షాక్ అబ్జార్బర్ల గదులను గొట్టాలు కుడి ఎడమలకు అడ్డంగా కలుపుతాయి. బండి మలుపులో ఒరగబోతే ముందూ వెనకా ఒకే వైపు నొక్కుడు పడుతుంది, నూనెకు పోయే దారి లేక ఒత్తిడి పెరిగి ఒరుగుడును ఆపుతుంది. వాదీలో చక్రాలు ఐమూలగా కదిలితే ముందు నుంచి వెనక్కి నూనె సాఫీగా పారిపోతుంది, ఎదిరింపు ఉండదు. నాలుగు చక్రాలూ నేలను తాకే ఉంటాయి, బరువూ వాటి మధ్య సర్దుకుంటుంది. ఎవరూ రింగు తిప్పనక్కర్లేదు.

ముందు వెనక సస్పెన్షన్లను కలపాలన్న ఆలోచన మరీ కొత్తదేం కాదు. 1948లో పారిస్‌లో చూపిన సిట్రోయెన్ 2సీవీలో ఒక్కో పక్క ముందు వెనక చక్రాలు ఒకే స్ప్రింగు గొట్టంతో ముడిపడి ఉండేవి. 1962లో వచ్చిన బ్రిటిష్ బీఎంసీ 1100లో ఆ ముడి ద్రవంతో వేశారు. ఫార్ములా వన్ జట్లు ముందు వెనకలను నూనెతో కలిపే విద్యను బాగా సానపెట్టాక, 2014 జులైలో జర్మనీ పందెం నాటికి దాన్ని నిషేధించారు. వేగపు పోటీలో వద్దన్న తోవలోని పరికరం, వారాంతంలో పిల్లలనూ బిర్యానీ డబ్బాలనూ మోసుకుని సముద్రతీరానికి పోయే బండి కింద ఉందంటే కొంత సరదాగానే ఉంటుంది.

ఇసుకలో కథ వేరు. షర్ఖియా ఇసుక మేటలు, పాత పేరు వహీబా, ఉత్తర దక్షిణాలుగా దాదాపు 180 కిలోమీటర్ల పొడవున పరుచుకున్నాయి. బిదియా వైపు నుంచి వాటిలోకి దిగే ప్రతి డ్రైవరూ ముందు టైర్ల గాలి తీస్తాడు. ఒక చక్రం 650 కిలోలు మోస్తోందనుకుంటే, 35 పీఎస్‌ఐ గాలితో నేలను తాకే అచ్చు సుమారు 265 చదరపు సెంటీమీటర్లు, 15 పీఎస్‌ఐకి దింపితే 600కు పైనే. టైరు గోడల గట్టిదనం వల్ల నిజం అంకెలు కాస్త మారతాయి గాని, పోలిక ఇదే. ఒకే బరువును రెట్టింపుకు మించిన అచ్చు మీద పరిస్తే చక్రం దిగబడదు. నాలుగింటిలో ఒక చక్రం మిగతావాటికంటే ఎక్కువ మోస్తుంటే అది తవ్వుకుపోతుంది, బండి ఆ మూల వైపు కూరుకుంటుంది. వెనక డిక్కీలో నీళ్ల డ్రమ్ములు ఒకే పక్క పేర్చినవాళ్లకు ఇది మొదటి మేటలోనే తెలుస్తుంది.

జెబెల్ అఖ్‌దర్ కొండ పైకి ఎక్కే తారురోడ్డుకు ముందు బిర్కత్ అల్ మౌజ్ దగ్గర పోలీసు తనిఖీ ఉంటుంది. 4×4 బండి కాకపోతే పైకి పంపరు. రోడ్డు బాగానే ఉంటుంది, ఎక్కడం మామూలు కారుకూ సాధ్యమే. చిక్కంతా దిగడంలో ఉంది. 2,500 కిలోల బండి, చక్రాల మధ్య దూరం 2.85 మీటర్లు, బరువు కేంద్రం నేలకు 75 సెంటీమీటర్ల ఎత్తున ఉందనుకుందాం. 15 శాతం వాలులో దిగుతుంటే బ్రేకు తొక్కకముందే దాదాపు 100 కిలోలు వెనక చక్రాల నుంచి ముందు చక్రాల మీదికి వస్తాయి. కాస్త గట్టిగా బ్రేకు పడితే మరో 200. చదును నేల మీద 1,250 చొప్పున మోసిన ఇరుసుల్లో ఇప్పుడు ముందుది 1,550, వెనకది 950. ముందు బ్రేకులు మలుపు మలుపుకూ అదే పని చేసి వేడెక్కుతాయి. పైన క్యారియర్ మీద సామాను కట్టి బరువు కేంద్రాన్ని 85 సెంటీమీటర్లకు లేపితే ఈ జరుగుబాటు ఇంకో ఏడో వంతు దాకా పెరుగుతుంది. లో రేంజి గేరులో పెట్టిన 4×4లో ఇంజను అడ్డుకునే బలం నాలుగు చక్రాలకూ అందుతుంది, కాబట్టి బ్రేకు పెడల్‌ను ఊరికే తొక్కుతూ ఉండనక్కర్లేదు. ఆ కొండ మీది సైక్ పీఠభూమి నుంచి కిందికి వచ్చేటప్పుడు ముందు చక్రాల దగ్గర మాడు వాసన వస్తే అనుభవమున్న డ్రైవర్లు పక్కన ఆపి, డిస్కులు చల్లారేదాకా ఉండి, తర్వాత మొదటి గేరులోనే కదులుతారు.